విడిదియు న్యాయమును

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము పంపుమని సంపాదకులు కోరిరి. పూర్వవిద్యార్థులు వ్రాయు వ్యాసములు సామాన్యముగా తాము చేరిన యుద్యోగములను గూర్చియో, చూచిన పట్టణములను గూర్చియో యుండును. నేను వ్రాయబూనినది హోటలు గదులను గూర్చి. ఈ మాట విని నా స్నేహితుడొకడు నవ్వెను. నవ్వదగినదే. అయినను న్యాయమనగా నేమి యను ప్రశ్నను నేను పుస్తకములు చదివి యాలోచించినదానికంటె ఈ గదుల మూలముననే యెక్కువగా నాలోచించితిని గనుక వ్రాయుచున్నాను.

అమెరికా దేశమున కథలయందును, బొమ్మల పుస్తకములయందును, ఆటలయందును ప్రీతిగలవారు ఏటేట నొకచోట కూడుకొను నాచారము కలదు. వీనిని కన్వెన్షన్లందురు. మొదట నివి చాల చిన్నవి. 1939లో న్యూయార్కు నగరమున జరిగిన మొదటి ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సాహిత్య సమ్మేళనమునకు వచ్చినవారు సుమారు 200 మంది. 1968లో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి లేక్ జెనీవా యను చిన్న యూరిలో గ్యారీ గైగాక్స్ అను నాయన ఒక మందిరమును 50 డాలర్లకు అద్దెకు దీసికొని బల్లమీది యాటలయందు ప్రీతిగలవారిని పిలిచెను. అదియే నేటి జెన్ కాన్. ఆ గైగాక్స్ గారే డేవ్ ఆర్నెసన్ గారితో గూడి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను ప్రసిద్ధమైన యాటను వెలువరించెను. 1970 ఆగష్టులో శాన్ డియేగో పట్టణమున నొక హోటలునందు మూడు దినములు జరిగిన బొమ్మల కథల సమ్మేళనమునకు సుమారు 300 మంది వచ్చిరి. నేడు ఆ శాన్ డియేగో కామిక్ కాన్‌కు వచ్చువారు లక్షా ముప్పదివేలకు పైబడియుందురు. జెన్ కాన్‌కు 2023లో 70,000 మందికి పైగా వచ్చిరి. బీజము మఱ్ఱివృక్షమైనది, మంచిదే. కాని చెట్టు క్రింద పరుండుటకు చోటెక్కడ?

నేనెఱిగినది జెన్ కాన్ గనుక దానిని గూర్చియే చెప్పెదను. అది 2003 మొదలు ఇండియానా రాష్ట్రపు ముఖ్యపట్టణమగు ఇండియానాపొలిస్‌లో జరుగుచున్నది. ఆ పట్టణపు నడుమ నొక మహాసభా భవనము కలదు. చుట్టునున్న 12 హోటళ్లనుండి ఆ భవనములోనికి వీధులమీదుగా మూసిన వంతెనలు కట్టియున్నారు. వానయు నెండయు తగులకుండ గదినుండి సభకు నడచిపోవచ్చును. ఆ హోటళ్లలోని గదులన్నియు గలిపి సుమారు 4,700. గదికి నలుగురు చొప్పున ఇఱుకుకొన్నను 18,800 మందికే చోటు. ఆ యూరివారును, పగటివేళ వచ్చి రాత్రికి మరలిపోవువారును కొంద ఱుందురు. వారిని దీసివేసినను లెక్క సరిపడదు. తక్కినవారు కొంచెము దూరమున నున్న హోటళ్లలోను, శివారులలోను, సుమారు 14 మైళ్ల దూరమున నున్న విమానాశ్రయము దగ్గఱను దిగవలసినదే.

దూరముగా దిగిన నేమి నష్టమని మీరడుగవచ్చును. ఆటలు ఉదయమున మొదలై అర్ధరాత్రి దాటువఱకు నడచును. దగ్గఱ గది గలవాడు మధ్యాహ్నము ఒక గంట పరుండి లేచి రాగలడు, కొన్న పుస్తకములను గదిలో పెట్టి రాగలడు, మందు వేసికొనగలడు. దూరపు గదివాడు తెల్లవాఱి వెళ్లినది మొదలు రాత్రివఱకు తన మూటను తానే మోయుచు నేలమీద గోడకానుకొని కూర్చుండవలెను. కారు నిలుపుటకు చోటు దొరకుట వేఱొక కష్టము. యౌవనవంతులకు ఇది వినోదములో భాగమే. ఆరోగ్యము చాలనివారికి మాత్రము, వచ్చుటకును రాకుండుటకును గల భేదము గదియే.

ఎక్కువ హోటళ్లను కట్టరాదా యనిన, ఏడాదిలో నాలుగు దినములకొఱకు కట్టిన హోటలు తక్కిన 361 దినములు ఏమి తిని బ్రతుకును? ధర పెంచరాదా యనిన, పెంచవచ్చును. నిర్వాహకులు హోటళ్లవారితో ముందుగా నొప్పందము చేసికొని కొన్ని వేల గదులను నియమితమైన ధరకు నిలిపించెదరు. ఆ ధర, ఆ నాలుగు దినములలో అంగడిధర ఎంత యుండునో దానికంటె తక్కువ. అందుచేతనే కొరత మఱింత పదునెక్కును. కొంద ఱర్థశాస్త్రజ్ఞులు ధరను పెరుగనిచ్చిన కొరత తానే తీఱునందురు. తీఱుట నిజమే, ధనము లేనివారు రాకుండుటచేత తీఱును. ఆటల ప్రియులలో విద్యార్థులును, చిన్న జీతములవారును మెండు. వారిని వెలివేసి ధనవంతులతో మాత్రమే సభ నింపిన, ఆ సభకు ప్రాణము పోవునని నిర్వాహకులు భయపడుదురు. ఆ భయము సరియైనదే యని నా యభిప్రాయము. ఒప్పందమునకు వెలుపల కొన్ని గదులను హోటళ్లు తమ చేతనే యుంచుకొని ఎక్కువ వెలకు విక్రయించుటయు కలదు. అది వర్తకము, దానిని గూర్చి మనము మొఱ పెట్టుకొని ప్రయోజనము లేదు.

ధరచేత పంచకున్నయెడల వేఱొక దానిచేత పంచవలెను గదా. మొదట తోచునది వరుస. ముందు వచ్చినవానికి ముందు. ఇది న్యాయమని మన యెముకలలోనే నాటుకొన్నది. బావి దగ్గఱ కడవలు వరుసను పెట్టునప్పుడు వరుస తప్పించిన యామెను ఊరంతయు తిట్టును. అయితే బావి దగ్గఱ వరుస కంటికి కనబడును. కంప్యూటరుమీద ఒక్క నిమిషమున వేలమంది ఒక్క తలుపును త్రోసినప్పుడు ముందు వచ్చినవాడెవడు? వేగముగల తంతి గలవాడు, ఆ గంటకు పనిలో లేనివాడు, వ్రేళ్లు చురుకైనవాడు. ఆ వేళకు రోగులకు సేవ చేయుచుండు నర్సమ్మ, బడిలో పాఠము చెప్పుచుండు ఉపాధ్యాయుడు, వీరు వెనుకబడుదురు. వరుస, ధనమునకు బదులు తీఱిక నడుగును. తీఱికయు నొక ధనమే, అదియు నందఱికి సమముగా పంచబడలేదు.

కావున జెన్ కాన్ నిర్వాహకులు చీటి పద్ధతి నవలంబించిరి. ముందుగా ప్రవేశపు బిళ్లను కొన్నవారికందఱికి తలకొక వేళను యాదృచ్ఛికముగా నియమింతురు. ఆ వేళ వచ్చినప్పుడే గదుల పట్టికను తెఱచి చూడగలరు. ముందు వేళ వచ్చినవారికి వంతెనల హోటళ్లు, వెనుక వచ్చినవారికి విమానాశ్రయము. త్రోపులాట లేదు, పరుగు లేదు.

చీటి వేయుట మన మతగ్రంథమెఱిగినవారికి క్రొత్త కాదు. యెహోషువ షిలోహులో ఏడు గోత్రములకు దేశమును చీట్లు వేసి పంచెను. యూదా స్థానమున మఱియొకని నియమింపవలసినప్పుడును శిష్యులు చీట్లే వేసిరి. అయితే ఈ రెండవ కథలో నొక విశేషమున్నది, దానిని నేను చిన్ననాడు గమనింపలేదు. వారు నూటయిరువదిమంది పేర్లును వ్రాసి కుండలో వేయలేదు. మొదటినుండి ప్రభువుతో నుండినవాడై యుండవలెనని ముందు అర్హత నేర్పఱచిరి. అట్టివారిలో యోసేపును మత్తీయను ఇద్దఱిని నిలువబెట్టి, ఆ యిద్దఱి నడుమ మాత్రమే చీటి వేసిరి. అనగా మనుష్యులు తేల్చగలిగినదానిని ముందు మనుష్యులు తేల్చి, ఇక తేల్చలేనిదానిని చీటికి విడిచిరి. నేటి నిర్వాహకులు చేయునది దీనికి తలక్రిందు. ఎవరికి అవసరమెక్కువ యని విచారించుట కష్టము, వాదములు పుట్టును, అబద్ధములు పుట్టును. కావున అన్నిటిని చీటికే విడుతురు.

చీటి నిజముగా సమమైనదా యనునది వేఱు ప్రశ్న. మన యూళ్లలో పొలము పంపకములప్పుడు చీట్లు మడచి, చెంబులో వేసి, పదిమంది యెదుట చిన్నబిడ్డచేత తీయింతురు. ఆ బిడ్డచేతిని అందఱు చూతురు. చూడనియెడల నమ్మకముండదు. చూచినంత మాత్రముననే న్యాయము జరుగునని చెప్పుటకును వీలులేదు. 1969 డిసెంబరు 1వ తేదీన అమెరికా ప్రభుత్వము వియత్నాము యుద్ధమునకు యువకులను పిలుచు క్రమమును నిర్ణయించుటకు 366 జన్మదినములను గొట్టములలో పెట్టి, గాజుపాత్రనుండి దేశమంతయు చూచుచుండగా తీయించెను. తరువాత గణితజ్ఞులు లెక్కించి చూడగా, సంవత్సరాంతమున పుట్టినవారికి ముందు సంఖ్యలు మితిమీఱి వచ్చినవని తేలెను. గొట్టములను మాసముల వరుసను పోసిరి గాని బాగుగా కలుపలేదు. 1970లో పద్ధతిని సరిచేసిరి. డిసెంబరులో పుట్టుట నేరమైనట్లు ఆ యేడు పిలువబడినవారి తల్లులకు ఏమి సమాధానము? గదుల విషయము ప్రాణములతో పోల్చదగినది కాదు. కాని కంప్యూటరులో చీట్లను ఎవరు కలిపిరో, ఎట్లు కలిపిరో చూచువాడు లేడను మాట మాత్రము రెండింటికిని వర్తించును.

ఇక మా సంగతి. మేము షికాగో ప్రాంతమున నుండు తెలుగువారము నలుగురము 2024 ఆగష్టు సమ్మేళనమునకు పోదలచితిమి. మాలో నొక యక్కయ్య బాల్యమున వచ్చిన పోలియోచేత ఊతకఱ్ఱలతో నడచును. ఆమెయే మాకందఱికి ఈ యాటలు నేర్పినది. నలుగురికి నాలుగు వేళలు వచ్చును గనుక, ఎవరి వేళ ముందు వచ్చినను వంతెన హోటలు గది ఆమెకే పట్టవలెనని చీట్లు పడకముందే మాటాడుకొంటిమి. నా వేళ సాయంకాలము వచ్చెను. అక్కయ్యది అంతకంటె వెనుక. మాలో పెద్దవారగు అన్నగారికి మాత్రము చాల ముందు వేళ వచ్చెను.

సరిగా ఆ వారమే అన్నగారి తమ్ముడు తానును భార్యయు ఏడు నెలల బిడ్డయు వత్తుమని కబురు పంపెను. అన్నగారు ముందునాటి రాత్రి నాతో ఫోనులో మాటాడిరి.

“ఏమి చేయుమందువు, తమ్ముడా? ఒడిబిడ్డతో పదునాలుగు మైళ్లు రెండుపూటలు తిరుగగలరా?”

“అక్కయ్యకు మాట యిచ్చితిమి గదా, అన్నగారూ.”

“ఇచ్చిననాడు బిడ్డ సంగతి లేదు గదా.”

నాకు జవాబు తోచలేదు. మాట మాటయే. కాని ఆ మాట ఏ కారణముచేత నిచ్చితిమి? ఆమెకు అవసర మెక్కువ యని. అవసరమే కొలత యైనప్పుడు, ఇప్పుడు మఱియొక యవసరము వచ్చి ప్రక్కన నిలిచినది. చట్టము ప్రకారము అన్నగారి వేళ అన్నగారిది, ఎవరికొఱకు పట్టినను అడుగువాడు లేడు. వారు మఱునాడుదయము అక్కయ్యకే ఫోను చేసి సంగతి చెప్పిరి. ఆమె యిచ్చిన జవాబును వారు నాకు మాట తప్పక చెప్పిరి: “గది యిండని నేను మిమ్ము నడుగలేదు. మీరే యిచ్చిరి. తిరిగి తీసికొనుటకును నన్నడుగకుడు, నాచేత సరే యనిపించుకొనకుడు.” ఈ మాట మొదట నాకు కఠినముగా తోచెను. తరువాత నాలోచింపగా, అవసరము గలవారినే త్యాగము చేయుమని వినయముతో నడుగుట యెంత సులభమైన యన్యాయమో తెలిసినది. ఆమె జీవితమంతయు ఎన్నిమాఱులు “మీకభ్యంతరము లేకున్న” యను మాట విని యుండునో!

అన్నగారు తమ వేళకు పట్టిక తెఱచి, దొరకిన వంతెన గదిని ఆమె పేర వ్రాయించిరి. రెండవ గదికొఱకు చిన్నవాని వేళకు చూడగా దగ్గఱవి అయిపోయినవి. తమ్ముని కుటుంబము విమానాశ్రయము దగ్గఱ దిగెను. రెండవ దినమున ఎండలో తిరిగి తిరిగి బిడ్డ కింక పాటు పట్టక యేడ్చుచుండగా, అక్కయ్య తన గది తాళమును ఆ తల్లి చేతిలో పెట్టెను. తక్కిన మధ్యాహ్నములన్నియు బిడ్డ ఆ గదిలోనే నిద్రించెను. అందుచేత నంతయు సుఖాంతమైనదని తలపకుడు. తమ్ముడు అన్నగారితో సంక్రాంతి పండుగవఱకు సరిగా మాటాడలేదు. పరాయివారికిచ్చిన మాటకొఱకు సొంత బిడ్డను ఎండలో త్రిప్పితివి యని అతని యభియోగము. అతనికి కోపము వచ్చుట తప్పని నేను చెప్పలేను.

ఇట్టి చిక్కులకు నిర్వాహకులు చేయగలిగినది కొంత కలదు. వైకల్యముగలవారి కనుకూలమైన గదులను, ఆ తరగతిలోని తక్కిన గదులన్నియు అయిపోవువఱకు వారికొఱకే నిలిపియుంచవలెనని అమెరికా శాసనమే యున్నది. ఇది మత్తీయ కథలోని పద్ధతికి చేరువ. కాని అట్టి గదులు కొలదిగా నుండును, ఊతకఱ్ఱలవారికి స్నానపు గదిలోని కమ్మికంటె దూరము తగ్గుటయే ముఖ్యమై యుండవచ్చును.

చీటి పద్ధతిలో మఱి రెండు లోపములు నాకు కనబడినవి. ఒకటి, గుంపు బలము. పదిమంది స్నేహితులు గలవానికి పది చీట్లు, ఒంటరివానికి ఒక్కటే. మేము నలుగురము కూడి చేసినదియు నదియే గదా. స్నేహితులు లేని యువకుడు, ఎవరైన దొరకుదురని ఆశపడి వచ్చువాడు, అట్టివానికొఱకే ఈ సమ్మేళనములు పుట్టినవని చెప్పవచ్చును. అతడే విమానాశ్రయము దగ్గఱ దిగును. పైగా కొందఱు రెండు మూడు గదులు పట్టి యుంచి, రద్దు గడువు సమీపించునప్పుడు వదలుదురు. ఆ వారము తెల్లవాఱుజామున మేలుకొని పట్టికను మాటిమాటికి చూచువారికి మంచి గదులు చిక్కును. అనగా ముందు వాకిట వెళ్లగొట్టిన వరుస దొడ్డిదారిని మరల లోపలికి వచ్చినది. ముందుగా కొంత సొమ్ము తీసికొని, రద్దు చేసినయెడల తిరిగి యియ్యకున్న ఇది తగ్గును గాని, అప్పుడు నిజముగా జబ్బుపడినవారు నష్టపోవుదురు.

రెండవది, చీటికి జ్ఞాపకము లేదు. మూడేండ్లు దూరపు గది వచ్చినవానికి నాలుగవ యేడును అదే రావచ్చును. దీనికి మందు లేకపోలేదు. కొలరాడో రాష్ట్రములో అడవి జింకలను వేటాడుటకు ఇచ్చు అనుమతులు కొలదిగా నుండును, కోరువారు మెండు. చీటి రానివానికి ఆ యేటికి ఒక గుర్తు నిత్తురు. గుర్తులు కూడినకొలది వాని వంతు ముందునకు జరుగును. వినుటకు సొంపుగానే యున్నది. జరిగినదేమనగా, మంచి స్థలములకొఱకు అనేక సంవత్సరములు గుర్తులు కూడబెట్టినవారు పెద్ద వరుస కట్టిరి. నేడు క్రొత్తగా చేరు బాలునికి ఆ స్థలములకు వంతు వచ్చుసరికి తల నెరయును. ద్రాక్షతోటలో ఉదయమున వచ్చిన పనివారు సాయంకాలము వచ్చినవారిని చూచి సణుగుకొన్న కథ మన మెఱిగినదే. ఇక్కడ సణుగవలసినవారు సాయంకాలము వచ్చినవారు. కొంచెము జ్ఞాపకము మంచిది, ఎక్కువ జ్ఞాపకము క్రొత్తవారిమీద తలుపు మూయును. మూడేండ్లకు మించిన గుర్తులు చెల్లవని నియమించిన సరిపోవునేమో యని నాకు తోచుచున్నది. ఎవరును నన్నడుగలేదు.

చిన్నవాడొకడు ఒకనాడు నాతో, బేత్లెహేము సత్రపువానిని అందఱు తిట్టుదురు గాని వాడు చేసిన తప్పేమి, సత్రము నిండియుండెను గదా, యనెను. నేను సువార్తను మరల తెఱచి చూచితిని. అక్కడ సత్రపువాడే లేడు. చోటు లేదనిన మాట మాత్రమే యున్నది. వానిని మనమే కల్పించి క్రిస్మసు నాటకములలో నిలువబెట్టితిమి, కొరతకు నెవడో యొకడు కారకుడై యుండవలెనని మనకు తోచును గనుక. సమ్మేళనపు గదుల విషయమునను ఇంతే. ఏటేట గది దొరకనివారు నిర్వాహకులను దొంగలందురు. నేను చూచినంతలో వారు దొంగలు కారు. 18,800 మందికి చాలు చోటును 70,000 మందికి పంచుచున్నవారు.

ఈ యేటికి మేము మాటను మాటగా నుంచక కాగితముమీద వ్రాసికొంటిమి. మొదటి దగ్గఱి గది అక్కయ్యకు. రెండవది రెండేండ్లలోపు బిడ్డగలవారికి. వీరికి దొరకిన తరువాత తక్కినవారికి వయస్సుతో నిమిత్తము లేక చీటి. పోయినయేడు దూరమున దిగినవానికి రెండు చీట్లు. ఒంటరిగా వచ్చు పరిచితుడెవడైన నున్నయెడల వానినిగూడ మా గుంపులో చేర్చుకొనవలెను, ఇది అక్కయ్య వ్రాయించినది. ఆ కాగితము క్రింద అన్నగారి తమ్ముడును సంతకము చేసెను. చేయుటకు ముందు రెండుమాఱులు చదివి, రెండేండ్లను మూడేండ్లుగా దిద్దెను.